మెజారిటీ అరవై ఒకటి

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి. ఏడు గంటలకల్లా నలభై మందికి ఉప్మా. అత్తమ్మకు ఇన్సులిన్. వచ్చినవాళ్లు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు చాయ్. సార్‌కు గంజి పెట్టిన తెల్లంగీలు మూడు, అందులో ఒకటి కారులో ఉండాలి. కుల్కచర్ల వైపు నుంచి వచ్చిన పెళ్లి కార్డులన్నీ తేదీలవారీగా రాసిపెట్టడం. బంట్వారంలో చనిపోయిన కార్యకర్త ఇంటికి పోయి ఆయన భార్య పక్కన కాసేపు కూర్చోవడం, ఎందుకంటే సార్‌కు తీరిక లేదు. తాండూరు ప్రెస్సు నుంచి వచ్చిన పుస్తకం ప్రూఫు చదివి, తప్పులు దిద్ది, మధ్యాహ్నంలోగా నవీన్‌కుమార్ చేతిలో పెట్టడం.

ఇవన్నీ రెబెక్క పనులు. సార్ అంటే ఆమె భర్త ఏసుదాసు, రెండేళ్ల కింద ఎమ్మెల్యేగా గెలిచినవాడు. ఆ రెండేళ్లు పూర్తయిన సందర్భంగా ‘జనంలోనే మా ఏసన్న’ అని ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. రేపటి సభలో ఐదు వేల కాపీలు పంచాలి. సార్ దగ్గర పీఏగా ఉన్న నవీన్‌కుమార్ రాశాడు. అతనికి ఒత్తులు రావు. వికారాబాద్‌లోని ఆ ఇంట్లో అక్షరదోషం పట్టగలిగింది రెబెక్క ఒక్కతే. కూలికి పోయే కుటుంబంలో పుట్టి, తాండూరు కాలేజీలో బి.ఏ. చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు బడిలో తెలుగు చెప్పింది. “నీ చదువు ఊకె పోలే చూడు,” అంటాడు ఏసుదాసు, కాగితాలు ఇచ్చిన ప్రతిసారీ.

ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, పొయ్యి పక్క బండ మీద కాగితాలు పరిచి చదువుతోంది. నాలుగో పేజీలో ‘ఎన్నికల ప్రస్థానం’ అని ఒక పట్టిక. సంవత్సరం, పదవి, వచ్చిన ఓట్లు, మెజారిటీ. 2014లో జడ్పీటీసీ, ఓటమి. 2018లో అసెంబ్లీ, పన్నెండు వందల ఓట్లతో ఓటమి. 2023లో గెలుపు, ఆరు వేల మూడు వందల ఎనభై మెజారిటీ. అన్నిటికంటే పైన 2013, సర్పంచ్, గెలుపు. ఆ వరుసలో ఓట్ల దగ్గర ఒక గీత, మెజారిటీ దగ్గర ఒక గీత. టీచరు బుద్ధి పోక ఎర్రపెన్నుతో ‘అంకెలు లేవు’ అని పక్కన రాసింది. రాసిన తర్వాత చెయ్యి ఆగిపోయింది. 2013లో సర్పంచ్ తను.

పెద్దేముల్ దగ్గరి వాళ్ల ఊరు ఆ ఏడు ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. అందుకని ఏసుదాసు ఆమెతో నామినేషన్ వేయించాడు. గెలిచినరోజు దండ ఆయన మెడలో పడింది. ఊరంతా ఆయన్ని సర్పంచ్ సాబ్ అన్నది, ఆమెను సాబ్ భార్య అన్నది. పంచాయతీ రిజిస్టరు వంటింట్లోకి వచ్చేది. “ఈడ ఒక సంతకం వెట్టి అన్నం వెట్టు,” అనేవాడు. ఆమె సంతకమూ పెట్టేది, అన్నమూ పెట్టేది. చదువుకున్నదాన్ని, చదవకుండా ఎట్లా పెడుతున్నానని అప్పుడప్పుడు మనసు గుంజేది. పొయ్యి మీద పప్పు పొంగితే అటు పోయేది, మనసు సంగతి అక్కడే ఆగేది.

పేజీ తిప్పింది. ‘సర్పంచ్‌గా ఉన్నప్పుడు, గొర్రెలు మేసే భూమిని రాళ్ల పాలిష్ యూనిట్‌కు పోనివ్వకుండా ఏసన్న ఒంటిచేత్తో అడ్డుకున్నారు.’

చదివింది. మళ్లీ చదివింది. ఉప్మా అడుగంటిన వాసన వచ్చింది.

ఆ భూమిని యూనిట్‌కు ఇచ్చే తీర్మానంతో రిజిస్టరు వంటింట్లోకి వచ్చిన రోజు పొద్దున్నే గొర్రెల సుమిత్రమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డది. “సర్పంచమ్మా, గా భూమి పోతే మా గొర్లు యాడికి పోవాలె? నీ వంటింట్లకా?” అన్నది. ఊళ్లో ఆమెను ఆ పేరుతో పిలిచింది సుమిత్రమ్మ ఒక్కతే. అందుకే కావచ్చు, ఆ రోజు రెబెక్క తీర్మానం మొత్తం చదివింది, సంతకం పెట్టలేదు. ఏసుదాసు నలభై రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వండింది ముట్టలేదు. “నా ఇంట్ల కూసోని నాకే అడ్డం తిరిగినవ్,” అని పదిమందిలో అన్నది ఒక్కటే మాట, ఆ నలభై రోజులకు అదే. చివరికి యూనిట్‌వాళ్లు వేరే చోటు చూసుకున్నారు. ఆ భూమి నిలిచింది. 2023లో గొర్రెలు కాసేవాళ్ల ఊర్లన్నీ ఏసుదాసుకు గుంపుగా ఓట్లేశాక, ఆ కథ నెమ్మదిగా ఆయనదైంది. వేదికల మీద చెప్తుంటే విన్నది. మైకులో మాట గాలికి పోతుందిలే అనుకుంది. ఇది అచ్చు.

చేతులు కడుక్కుని ఏసుదాసును లోపలి గదిలోకి పిలిచింది. వెనకే నవీన్‌కుమార్ వచ్చాడు. మంచం మీద అత్తమ్మ భాగమ్మ కూర్చుని ఉంది.

“2013ల సర్పంచ్ నేను గదా,” అన్నది రెబెక్క.

“నువ్వేంది, నేనేంది? ఇద్దరం ఒకటే గదా.”

“ఒకటే అయితే నా పేరు రాయిండ్రి.”

ఏసుదాసు నవ్వాడు. నవీన్‌కుమార్ అందుకున్నాడు. “గది తీసేస్తే సార్ కెరీర్‌ల ఐదేండ్లు ఖాళీ కనవడ్తది మేడం. అవతలోళ్లు నవ్వుతరు.”

“మొగడు పెద్దగైతే నువ్వు పెద్దగైనట్టే గదనే,” అన్నది భాగమ్మ. “ఎందుకు పరేషాన్ అయితవ్?”

“గా భూమి సంగతి? నలభై రోజులు నాతోని మాట్లాడలే మీరు.”

ఏసుదాసు ముఖంలో నవ్వు పోయింది. బయట జనం ఉన్నారని గొంతు తగ్గించాడు. “నిన్ను అచ్చరాలు చూడుమన్న. సంగతులు చూడుమనలే.”

ఆయన వెళ్లిపోయాక ఆ ఖాళీ అన్న మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. చాయ్ పోసింది, అంగీలు మడిచింది, మాట వెంటే తిరిగింది. ఆయన రికార్డులో ఐదేళ్లు ఖాళీ ఉంటే నలుగురూ నవ్వుతారు. తన జీవితంలో బడి మానేసిన రోజు నుంచి ఇప్పటిదాకా మధ్యలో ఆ ఐదేళ్లు తప్ప కాగితం మీద ఏముంది? ఓటరు స్లిప్పులు రాసింది, ఉపన్యాసాలు రాసింది, ఓడినప్పుడు ఆయన్ని ఓదార్చింది, గెలిచినప్పుడు లడ్డూలు కట్టింది. వాటికి పట్టికలో గడి ఉండదు. ఉన్న ఒక్క గడినీ ఆయన ఖాళీ పూడ్చడానికి వాడుకుంటే, దాని మీద ఒత్తులు తనే సరిచేసి పంపాలా?

పన్నెండు దాటకముందే కాగితాలు సంచిలో పెట్టుకుంది.

“బంట్వారం పోతున్నవా?” అన్నది భాగమ్మ.

“బంట్వారం రేపు పోత. ఇప్పుడు తాండూరు పోతున్న అత్తమ్మా.”

“కారు లేదు గదనే.”

“రైలుకు పోత.”

తాండూరు ప్రెస్సులో కంప్యూటర్ ముందు నిరోషా అనే అమ్మాయి ఉంది. పుస్తకం అక్షరాలు కొట్టింది ఆమే. ఎమ్మెల్యే భార్య ఒక్కతే నడిచి రావడం చూసి గాభరాగా లేచి తన కుర్చీ ఇచ్చింది. రెబెక్క కూర్చోలేదు, పక్కనే నిలబడి నాలుగో పేజీ తెరిపించింది.

“ఓట్లు తెల్వదు, గీత వెట్టుమన్నరు మేడం,” అన్నది నిరోషా.

“నాలుగు వందల పన్నెండు.”

“మెజారిటీ?”

“అరవై ఒకటి.”

కాగితం ఏదీ చూడకుండా చెప్పింది. ఆ రోజు బడి వరండాలో లెక్కింపు ముగిసేదాకా నిలబడ్డది తను. నిరోషా అంకెలు కొట్టి, తల తిప్పకుండానే అడిగింది. “మరి పేరు?”

“రెబెక్క, బి.ఏ. భూమి సంగతి రాసిన కాడ గూడ గదే పేరు.”

“గా ఐదేండ్లు సార్‌ది ఏం పదవి రాయాలె?”

“సర్పంచ్ భర్త.”

నిరోషాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. “నిజంగ కొట్టాల్నా మేడం?”

“కొట్టు. అబద్ధమైతే చెప్పు.”

అంతలో ఫోన్ మోగింది. ఏసుదాసు. “యాడున్నవ్?”

“తాండూరుల. ప్రెస్సు కాడ.”

“రెబెక్కా, ఏం జేస్తున్నవ్?”

“సంగతులు చూస్తున్న,” అని ఫోన్ పెట్టేసింది. వెంటనే లోపలి గదిలో ప్రెస్సు యజమాని ఫోన్ మోగింది. “సార్... ఆ సార్...” అంటున్నాడు. రెబెక్క ఎర్రపెన్ను తీసి, సరిచేసిన కాగితం కింద సంతకం పెట్టింది. ఈసారి పైనుంచి కిందిదాకా చదివి పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరిలో ఎవరి మాట నెగ్గిందో నాకు తెలియదు. ఎప్పుడైనా ఆ పుస్తకం మీ చేతికి వస్తే నాలుగో పేజీలో ఆ వరుస ఉండొచ్చు, పీకేసి ఉండొచ్చు. ఉన్నా లేకున్నా, పెద్దేముల్ దగ్గర ఒక చిన్న ఊళ్లో నాలుగు వందల పన్నెండు మంది ఓటేసి గెలిపించుకున్న సర్పంచ్ పేరు రెబెక్క. మీరైనా గుర్తుంచుకోండి.