నడుము నొప్పి

గర్భనాళాలు రెండూ మూసుకుపోయాయని డాక్టరమ్మ చెప్పింది. ఎప్పుడో సోకిన సుఖవ్యాధి, మందు పడక లోలోపలే ముదిరిందట. ఇక పిల్లలు పుట్టే ఆశ దాదాపు లేనట్టేనట.

ఆమె భర్త వైపు చూసింది. లిఫ్టులు బాగుచేసే మనిషి. ప్రతి పరీక్షకూ పని మానుకుని వెంట వచ్చాడు. సూదంటే వణికిపోయే ఆమె చేతిని వదలకుండా పట్టుకున్నాడు. "మొగుడంటే నీ మొగుడే" అని ఇరుగుపొరుగు అంటుంటే ఆమె పొంగిపోయేది.

"మీకెప్పుడైనా ఇలాంటిది వచ్చిందా బాబూ?" డాక్టరమ్మ అడిగింది.

అతను తల వంచుకున్నాడు. "ఒక్కసారండీ. పెళ్లయిన కొత్తలో, వేరే ఊళ్లో పనిచేసి వచ్చాక. మందులు వాడాను, తగ్గిపోయింది."

"మీ ఆవిడకీ ఇప్పించమని చెప్పలేదా అక్కడ?"

"చెప్పారండీ."

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టేసింది.

మెట్లు దిగుతుంటే ఆమెకు గుర్తొచ్చింది. ఆ ఊరి నుంచి వచ్చిన కొద్దిరోజులకే నడుము పట్టేసిందంటూ అతను విడిగా పడుకున్నాడు. ఇంటిపని అయ్యాక పక్కన కూర్చుని ఆమె అతని నడుముకు మందు రాసేది, వేడినీళ్ల సంచి పెట్టేది. తగ్గిందని అతను మళ్లీ పక్కలోకి వచ్చిన రోజు ఎంత సంబరపడిందో.

"ఆ నడుము నొప్పి..."

"దూరంగా ఉండమన్నారు. నీకేమని చెప్పను? వదిలేసి పోతావని భయమేసింది."

"నాకూ అంటుకుని ఉంటుందని తట్టలేదా?"

"నువ్వు బాగానే తిరుగుతున్నావు కదా. నీకేం కాలేదులే అనుకున్నాను. అలా అనుకోవడమే అలవాటైపోయింది."

అబద్ధం చెబుతున్నట్టు లేదు. అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

"కోప్పడేదాన్ని," అంది మెట్టు మీదే ఆగి. "ఏడ్చేదాన్ని. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. కానీ ఆ మాత్రలు మింగేదాన్ని కదండీ!"



వీధిలోకి రాగానే ఆమె ఫోను మోగింది. అతని అక్క.

"ఏమే మరదలా, ఏమంది డాక్టరమ్మ? మావాడు రాయిలా ఉంటాడు, వాడికే లోటూ ఉండదని నేనెప్పుడో చెప్పాను. లోపం నీలోనేగా?"

ఆ గొంతు అతనికీ వినిపిస్తూనే ఉంది. చెప్పొద్దన్నట్టు కళ్లతోనే బతిమాలాడు.

"నాలోనే వదినా," అంది ఆమె.

పక్కన అతను బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. అవతల ఫోను పెట్టేశాక కూడా ఆమె చెవి దగ్గర నుంచి చెయ్యి దించలేదు. దించితే అతనితో మాట్లాడాలి.