ఒక రోజు మూత్రం

తమ్ముడి కుడిచేతి మూడు వేళ్లు కలప కోతమిల్లులో పోయాయి. పని చురుగ్గా సాగాలని యజమాని రంపం మీది ఇనపమూత అంతకుముందే ఊడదీయించాడు. మేం అడగబోతే, వాడు తాగొచ్చాడని అందరికీ చెప్పాడు. తమ్ముడు తాగడు. వేళ్లు పోయినదానికన్నా ఆ మాటకే వాడు ఎక్కువ కుంగిపోయాడు. మిల్లులో చీపురు పట్టాడు.

నేను ఆ యజమాని ఇంట్లో వంటవాణ్ణి. మానలేదు. కాచుకున్నాను.

మరుసటి ఏడాది ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మాంసం, గుడ్లు తిన్నకొద్దీ ఒంట్లో ఆమ్లం పుడుతుందనీ, దాన్ని మూత్రంలోకి తోసే సత్తువ ఆయన మూత్రపిండాలకు తగ్గిందనీ, మిగిలిపోయింది ఎముకల్నీ కండల్నీ తినేస్తుందనీ డాక్టరు చెప్పాడట. పూటకు రెండు ముక్కలు దాటొద్దని అమ్మగారు నాకు అప్పగించింది.

రెండో రోజే ఆయన గిన్నెతో వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆరు ముక్కలు వేశాను. మర్నాడు ఎనిమిది. తర్వాత అడగక్కర్లేకుండా వేశాను. నా ఆకలి తెలిసినవాడివి నువ్వొక్కడివేనయ్యా అని మురిసిపోయేవాడు.

మూడు నెలలకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తంలో ఆమ్లం పెరిగింది. పథ్యం తప్పలేదని అమ్మగారు ఒట్టేసింది. డాక్టరు వాదించలేదు. రోజంతా పోసిన మూత్రం చుక్క వదలకుండా డబ్బాలో పట్టి తెమ్మన్నాడు. ఎంత తిన్నాడో, ఆమ్లం ఎంత బయటికి పోయిందో అదే చెబుతుందట.

ఆయన ఆ డబ్బా తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు.

"నువ్వు నింపవయ్యా. మా ఆవిడకి తెలిస్తే నన్ను బతకనివ్వదు."

నాకు లోలోపల నవ్వొచ్చింది. పప్పన్నం తినే నా మూత్రంతో నింపితే పథ్యం బాగుందంటారు, తప్పు ఇంకెక్కడో వెతుకుతారు, ఈయన తింటూనే ఉంటాడు. ఎంతోకాలం పట్టదు. కానీ చచ్చినవాడు అన్న మాట వెనక్కి తీసుకోలేడు.

"నింపుతా అయ్యగారూ. ముందు రంపానికి మూత తీయించింది మీరేనని, మావాడు తాగలేదని మిల్లులో అందరి ముందూ చెప్పండి."

"ఎప్పటి మాటయ్యా అది."

"నాకు నిన్నటిది."

ఆ సాయంత్రం షిఫ్టు మారేవేళ ముప్పైమంది ముందు, కాళ్లకేసి చూసుకుంటూ చెప్పాడు. తమ్ముడు చీపురు గోడకు ఆనించి చివరిదాకా విన్నాడు.

ఆయన ఇంటికి చేరేలోగా నేను వచ్చి అమ్మగారికి అంతా చెప్పేశాను, నేను వేసిన ముక్కలతో సహా. ఆ పూటే ఇల్లు దాటమంది.

ఆయన వచ్చి డబ్బా అడిగాడు. ఖాళీగా చేతికిచ్చాను.

"మాటిచ్చావు కదయ్యా."

"ఇచ్చాను."

అమ్మగారు స్నానాలగది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్తూ ఆయన నాకేసి చూశాడు. చూడనిచ్చాను.