నాణెం వెనక వరుస

పొద్దున తొమ్మిదింటికల్లా నిక్కచ్చాయన కొట్టు తీసి, బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ పరిచి, భూతద్దం తుడుచుకుని కూర్చుంటాడు. పాత వెండి నాణేలు ఏ మేరకు అరిగాయో చూసి, కాగితం మీద రాసి సంతకం పెట్టడం ఆయన పని. సొంత చెల్లెల్ని చూసి కూడా "అంచులు బాగున్నాయి, బుగ్గల దగ్గర కాస్త అరిగింది" అన్న మనిషి. ఆవిడ ఇప్పుడు ఆ వీధి మొహం చూడదు.

గుడ్డ మీద నాణెం పెట్టగానే, దాన్ని ఎప్పుడైనా ముట్టుకున్నవాళ్లంతా వచ్చి కొట్టు బయట వరుస కడతారు. చచ్చినవాళ్లూ వస్తారు, బతికున్నవాళ్లూ వస్తారు. గడ్డం గీసుకుంటున్నవాడు నురగతోనే వస్తాడు. వరుస ఎంత పొడుగైతే నాణెం అంత అరిగినట్టు. మొన్న ఒకదానికి పదిహేడు వీధులు దాటి రైల్వే గేటు దాకా పోయింది, రైలు మూడు గంటలు ఆగింది. "నా గుమ్మానికి అడ్డం రాకండయ్యా" అంటాడు పక్క కొట్టు దర్జీ, అంతే. నాణెం ఎత్తగానే ఎవరి దారిన వాళ్లు పోతారు.

ఆ రోజు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె బస్సు కండక్టరు, నలభై దాటింది. రెండో ఆవిడ ఆమె పిన్ని, అక్క పోయాక మూడేళ్ల పిల్లని తీసుకొచ్చి పెంచింది. ఒకే ఇంట్లో ఉంటూ ఏడేళ్లుగా మాటల్లేవు. ఉప్పు కావాలన్నా పిల్లికి చెప్పుకుంటారు. కబుర్లు మోసి మోసి ఆ పిల్లి దారమంత అయిపోయింది.

గొడవంతా ఈ నాణెం గురించే. "పిల్ల పెద్దయ్యాక ఇవ్వు, అందాకా ఎవరి చెయ్యీ తగలనీకు" అని అక్క పోతూ పోతూ ఇచ్చింది. పిల్ల ఎప్పటికి పెద్దదవుతుందా అని చూసి చూసి, ఏడేళ్ల కిందట ఇచ్చేద్దామని పిన్ని మూట విప్పితే, నాణెం మీద రాణికి చెవి లేదు, జుట్టు లేదు, ముక్కు సగమే.

"మా అమ్మది వాడేసుకుని, అరిగిపోయిన బజారు నాణెం నాకు అంటగడుతున్నావా!" అంది కండక్టరు. వేలితోనైనా ముట్టుకోలేదు. ఇప్పుడు వేరే గది చూసుకుంది, సామాను కట్టేసింది కూడా.

"వరుసలో బజారు జనం కనబడితే సాయంత్రమే వెళ్లిపోతానని చెప్పండి ఆవిడకి," అంది నిక్కచ్చాయనతో.

"పక్కనే ఉన్నారు కదమ్మా, మీరే చెప్పండి."

"నాకు చెవుడు లేదని చెప్పండి," అంది పిన్ని.

నిక్కచ్చాయన చేతికి తొడుగు వేసుకుని నాణెం గుడ్డ మీద పెట్టాడు. దర్జీ ముందుజాగ్రత్తగా కుట్టుమిషను లోపలికి లాక్కున్నాడు.

వచ్చింది ఇద్దరే. ముందు, నూనె మరకల చేతులతో ఒక ముసలాయన. ఆయన వెనక, సగం అల్లిన జడతో పాతికేళ్ల పిల్ల. కండక్టరు బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. వాళ్లమ్మ తనకన్నా పదిహేడేళ్లు చిన్నది.

పిన్ని మాత్రం కూర్చున్నచోటే ఉంది. ఒక్కసారి ముట్టుకుని ఉన్నా కాళ్లు వాటంతటవే వరుసలోకి లాక్కుపోయేవి.

"ఎప్పుడు తీసినా గుడ్డతోనే పట్టుకున్నాను," అంది గోడకేసి చూస్తూ.

"మరి మొహం ఇలా అరిగిందేం?" అని నిక్కచ్చాయన ముసలాయన్ని అడిగాడు.

"అరగడమేంటి నాయనా! నేను టంకశాలలో చేసేవాణ్ణి. ఆ రోజు అచ్చు గట్టిగా దిగలేదు. అది పుట్టడమే అలా పుట్టింది. కరిగిస్తామంటే జాలేసి, జీతంలో కోత పెట్టించుకుని మా మనవరాలికి తెచ్చిచ్చా."

నిక్కచ్చాయన వంగి చూశాడు. చెవి ఉండాల్సిన చోట కూడా, నలుపు కింద వెండి మెరుపు చెక్కు చెదరలేదు. అరిగిన నాణేనికి అక్కడ ఆ మెరుపుండదు. 'దాదాపు కొత్తది' అని రాశాడు. ఆ మాట రాసిన ప్రతిసారీ ఆయనకి రెండు రోజులు జ్వరం.

బస్సులో రెండొందల నోళ్లు మూయించే మనిషి బెంచీ మీద పిన్ని వైపు జరిగింది. "పిన్నీ," అంది.

"ఊఁ."

"ముట్టుకోలేదని ఆ రోజే చెప్పొచ్చుగా?"

"నువ్వు సందిస్తేగా!"

కండక్టరు పిన్ని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది.

"ఆగండమ్మా! చెయ్యి పడితే నాణెం ఒక మెట్టు దిగిపోతుంది!"

"దిగనీండి."

కండక్టరు పిన్ని బొటనవేలు తీసుకుని రాణి బుగ్గ మీద నొక్కింది. పిన్ని "నా మోకాళ్లో" అంటూనే గబగబా బయటికి నడిచి అక్క వెనక నిలబడింది. అక్క ఒక అడుగు జరిగి నీడలో చోటిచ్చింది. తర్వాత కండక్టరు తన వేలు పెట్టింది. ఆమె కాళ్లూ గుమ్మం దాటాయి.

"సాయంత్రం ఆ గది తాళాలు తిరిగిచ్చెయ్యాలి, గుర్తుచెయ్యి పిన్నీ."

"చేస్తాలే గానీ, ముందు భుజం మీద చెయ్యి తియ్యి, బరువు!"

ఆ చెయ్యి అక్కడే ఉంది.

నిక్కచ్చాయన మళ్లీ లెక్కపెట్టాడు. నలుగురు. ముందు రాసింది కొట్టేసి 'చేతులు మారింది' అని దిద్దాడు. నాణెం ఎత్తబోయి, ఆగి, టీ తాగొస్తానని దర్జీకి చెప్పి బయటికి వెళ్లాడు. ఆ ఒక్క టీ తాగడానికి ఆయనకి సాయంత్రం దాకా పట్టింది.