కస్టమ్స్‌లో ఆగిందన్న ఫోను

సౌదీలోని దమ్మాంలో మా క్యాంపు గదిలో ఎవరు ఊరికి బయల్దేరినా మిగతావాళ్లు తలా ఒక సామాను అప్పజెబుతారు. ఇక్కడ ఊళ్లో వాళ్ల ఇళ్లవాళ్లు వచ్చి తీసుకుపోవాలి. రావడమంటే గుమ్మంలోంచి అందుకుని పోవడం కాదు. చాపమీద కూర్చుని, చాయ్ తాగి, మావాడు ఎట్లున్నడు, చిక్కిపోయిండా, ఏళకు తింటున్నడా అని పొద్దుగూకేదాకా అడగాలి. ఇరవై ఏళ్లపాటు నర్మెట్టలో మా ఇల్లు అట్లా నిండేది. వచ్చినవాళ్లకు చాయ్ పోయడం మా అమ్మ జన్నత్ బీ పని. ఉన్నవీ లేనివీ కలిపి చెప్పడం నా పని.

అమ్మ పోయి రెండేళ్లయింది. భార్యా పిల్లలూ లేరు. ఈసారి సెలవుకు వచ్చేముందు సిగ్గు విడిచి నేనే అందరినీ అడిగాను, ఏమన్నా పంపుతారా అని. జనగామ అకీల్ రెండు ఫోన్లు ఇచ్చాడు. కాటారం శామ్యూల్ రెండు. నర్సింహులపేట దగ్గరి తండావాడు కుమార్, చదువుకుంటున్న చెల్లె జమునకని ఒకటి. మూడిళ్ల జనం వస్తారని లెక్కేసుకున్నాను.

కొత్తవని తెలిస్తే కస్టమ్స్ డ్యూటీ పడుతుందని గదిలో అందరూ కలిసి తెలివి ఉపయోగించారు. డబ్బాలు పారేశారు, పాత కవర్లు తొడిగారు, వాడిన ఫోన్లలా కనిపించాలని ప్రతిదాని తెరమీదా నా ఫొటో పెట్టారు. శంషాబాదులో కస్టమ్స్ అధికారి ఒక్కొక్కటే వెలిగించి చూశాడు. ఐదింట్లోనూ నేనే, అదే చొక్కా, అదే గరిటె. నేను క్యాంపులో వంటవాణ్ని.

"మీకు చెవులెన్ని?" అన్నాడు నవ్వాపుకుంటూ.

గదివాళ్లవని ఒప్పుకున్నాను. "ఇవన్నీ కొత్తవి. మీ పరిమితి దాటాయి. డ్యూటీ కట్టి తీసుకెళ్లండి, లేదంటే ఇక్కడ వదిలి రసీదు తీసుకోండి. తర్వాత విడిపించుకోవచ్చు," అన్నాడు మర్యాదగానే.

బుద్ధున్నవాడైతే రసీదు తీసుకునేవాడు. కానీ ఖాళీ చేతులతో పోతే మా ఇంటికెవరొస్తారు? ఇంటిపైకి కొత్త రేకులకని దాచుకున్న డబ్బు తీసి కట్టేశాను. ఆ సంగతి గదివాళ్లకు చెప్పలేదు.

ఇల్లు ఊడ్చి, కొత్త కప్పులు కొని, పాలు తెచ్చిపెట్టుకుని అకీల్ భార్య అమ్రీన్‌కు ఫోన్ చేశాను. "ఇంట్ల జర పనున్నది భయ్యా, ఆటో పంపిస్త, ఇచ్చి పంపుండ్రి," అంది. ఆటో అతను ఇంజను కూడా ఆపలేదు. చాయ్ తాగమంటే మళ్లీ ఎప్పుడన్నా చూద్దామన్నాడు. శామ్యూల్ తమ్ముడైతే, "బస్సు కార్గోల ఏసెయ్ అన్నా, ఈడ మేం తీస్కుంటం," అన్నాడు.

"మీ అన్న ఎట్లున్నడో అడగవా?" అన్నాను ఉండబట్టలేక.

"రాత్రే వీడియోల మాట్లాడినం గద!" అని నవ్వాడు.

నిజమే. ఇన్నేళ్లు ఈ ఫోన్లన్నీ మోసుకొచ్చి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఇక మిగిలింది జమున. ఆమెకు ఫోన్ చేసి, మిగతావి పోయిన తీరు చెప్పాను. "చాచా, మాది గూడ కార్గోల ఏస్తవా?" అంది. నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో, "నీది రాలే బిడ్డా. కస్టమ్స్‌ల ఆగింది," అనేశాను. ఫోను నా ఎదురుగా కప్పుల పక్కనే ఉంది.

ఆ పూట నుంచి జమున రోజూ ఫోన్ చేసేది. ఎప్పుడిస్తరు, ఎవలను అడగాలె అంటూ ఏవేవో అడిగి, చివర్లో "తిన్నవా చాచా?" అనేది. ఆ మాటకోసం పొద్దున్నుంచీ కాచుకుని ఉండేవాణ్ని. యాభై రెండేళ్ల మనిషికి సిగ్గుండాలి. నాకు లేకపోయింది.

ఎనిమిదో రోజు దమ్మాం నుంచి కుమార్ చేశాడు. "చాచా, నువ్వు ఫోన్ అమ్ముకున్నవని గదిల అంటున్నరు. మా చాచా గట్ల చెయ్యడని నేను కొట్లాడిన," అన్నాడు. ఆ మాటతో సిగ్గుతో చచ్చినంత పనైంది.

మర్నాడు కార్గోలో వేద్దామని ఫోను సంచిలో పెడుతుంటే గడపలో ఎవరో పిలిచారు. కుమార్ తల్లి కమ్లీ. తండా నుంచి బస్సులు మారి వచ్చింది. చాప పరిచాను. చాయ్ పోశాను. రెండు గుక్కలు తాగి నా ముఖంలోకి చూసింది.

"అన్నా, వాడు ఫోన్ల మొకం ఒక్కటే సూపిస్తడు. మనిషి ఎట్లున్నడు? నడుస్తుంటే సూసినవ్ గద?"

ఎన్నాళ్లకు విన్నాను ఆ ప్రశ్న! రెండు నెలల కిందట కుమార్ కాలిమీద ఇనుప పైపు పడింది. ఇంట్లో చెప్పొద్దని మా అందరితో ఒట్టేయించుకుని, దవాఖానకు పోకుండా కుంటుకుంటూ పనికి పోతున్నాడు. తల్లి గట్టిగా చెబితే వింటాడు. ఒట్టు పోతే పోయిందని నోరు తెరిచాను.

అంతలో ఆమె కొంగుముడి విప్పి నోట్లు చాపమీద పెట్టింది. "రెండు మేకలు అమ్మినం. డ్యూటీ కట్టి ఫోన్ ఇడిపియ్యి అన్నా. పిల్ల సదువు ఆగుతంది."

ఆ డబ్బు ముట్టుకోలేకపోయాను. సంచిలోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఈడనే ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

"ఎవలన్న ఇంటికొస్తరని."

తిట్టినా బాగుండేది. నోట్లు ఏరుకుని ముడేసుకుని లేచింది.

"అక్కా, కుమార్ కాలు..."

"వద్దన్నా. నువ్విగ ఏం చెప్పకు. నా కొడుకు మంచిగనే ఉన్నడు."

బస్టాండు దాకా వెనకే పోయాను. "పైపు పడ్డది అక్కా, కుంటుతున్నడు, దవాఖానకు పొమ్మని చెప్పు," అని కిటికీ దగ్గర నిలబడి బతిమాలాను. బస్సులో నలుగురూ నన్నే చూశారు. ఆమె ముఖం అటు తిప్పుకుంది. బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం కుమార్ ఫోన్ చేశాడు. ఫోను సంగతి ఎత్తనేలేదు.

"కాలు సంగతి అమ్మకు చెప్పినవట చాచా?"

"చెప్పిన. నమ్మిందా?"

"నమ్మలే. నువ్వు చెప్పినవ్ గద, అబద్ధమే అనుకున్నది," అన్నాడు. గండం గడిచిందన్నట్టు నవ్వాడు కూడా. "మంచిగైంది తియ్. రేపు పనికి పోత."