భుజం దగ్గర అంగుళం

నరసరావుపేటలో దర్జీ హబీబుల్లా ఆ ఉదయం ఒక ఖాకీ కాగితం కోసం ఇల్లు పీకి పందిరి వేస్తున్నాడు. ఎవరో పెళ్ళికొడుకు షేర్వానీకి గీసుకొన్న కొలతలన్నీ దానిమీదనే ఉన్నాయి. ఆ మాట వినగానే అతని బిడ్డ మిస్బా గుండెల్లో రాయి పడింది. పనికిరాని కాగితమనుకొని, దాని వెనుకవైపునే మిస్బా తన బొమ్మ గీశారు.

ఆడపిల్లననిగాని మగపిల్లవాడిననిగాని చెప్పుకోలేని ఐదుగురితో, పరిశోధకురాలు నిరోష మూడు వారాలుగా ఒక అద్దె హాలులో పనిచేస్తున్నది. ప్రశ్నపత్రాలేమీ లేవు. ఎవరి బ్రతుకును వారే బొమ్మగా గీయాలి, దాని అర్థమూ వారే తేల్చాలి. ఆ ఐదుగురిలో ఒకరైన మిస్బా తన ఆకారం గీసి, తాను తొడుక్కోవాలనుకొన్న చొక్కా దానికి తొడిగారు. మధ్యాహ్నం ప్రదర్శన. ఊరివాళ్ళు వస్తారు. సిరా ఊరి ఇటువైపుకు కనబడుతున్న తండ్రి చేతివ్రాతను గుర్తుపట్టని వాళ్ళు ఆ వీధుల్లో లేరు.

మిస్బా పరుగున హాలుకు వెళ్ళారు.

"నిరోషక్కా, నా బొమ్మ దించెయ్యాలి."

స్టూలెక్కి మేకులు కొడుతున్న గోపీనాథ్, ఆ ఐదుగురిలో ఒకరు, వెనుదిరిగారు. "ఏంది మిస్బా! చానా బాగుందని తలుపుకెదురుగా పెట్టాం. ఇప్పుడాడ నా మొహం పెట్టాలా?"

"పెట్టు. జనం తొందరగా ఎళ్ళిపోతారు."

నిరోష నవ్వుతూనే బొమ్మ దించింది, కారణమడగలేదు. "గీసినోళ్ళు ఎప్పుడొద్దంటే అప్పుడు దించాలని మనమందరం అనుకున్నదేగా. తీసుకెళ్ళు."

మిస్బా సగం ఊపిరి పీల్చుకొన్నారు. తండ్రి దుకాణానికి వచ్చి, కొలతల వైపు పైకి ఉండేలా కాగితాన్ని బల్లమీద పరిచారు. హబీబుల్లా అలవాటు చొప్పున దాన్ని తిరగేశాడు. చేతిలోని కత్తెర ఆగిపోయింది.

"ఈ చొక్కా ఎవరికి?"

"నాకే, అబ్బాజాన్. ఆడోళ్ళదీ కాదు, మగోళ్ళదీ కాదు. నేనూ అంతే."

హబీబుల్లా బొమ్మలోని భుజంమీద వేలు పెట్టాడు. తరువాత సుద్దముక్క అందుకొన్నాడు.

"భుజం తప్పు గీశావు. చెయ్యెత్తితే పిగిలిపోద్ది. ఇక్కడ అంగుళం వదలాలి. దర్జీ ఇంట పుట్టి ఇదేం కటింగు, బేటా?"

మిస్బాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"కళ్ళు తర్వాత తుడుచుకుందువుగాని, తిన్నగా నిలబడు," అంటూ తండ్రి టేపు తీసి మిస్బా భుజాలమీద పరిచాడు.