అడుగంటే ఇష్టం

గిన్నె అడుగున అంటుకుపోయిన అన్నాన్ని గరిటెతో గీకి తన కంచంలో వేసుకోవడం ఆ ఇంట్లో ఆవిడ హక్కు. ఇంకెవరూ పోటీకి రాని హక్కు.

కాపురానికొచ్చిన కొత్తలో ఒక పూట అన్నం మాడింది. అత్తగారు మాడిన గిన్నెనూ, మాడ్చిన కోడలినీ మార్చి మార్చి చూశారు. తన మాడు పగలకుండా కాపాడుకోవాలని ఆ పిల్ల గబుక్కున, "నాకు అడుగంటే ఇష్టం అత్తయ్యా!" అనేసింది. అడుగు అంటే ఇష్టమందో, అడుగంటితే ఇష్టమందో ఎవరూ విడదీసి చూడలేదు. "అయితే ఇకనించీ అడుగంతా నీదేనమ్మా," అన్నారు అత్తగారు, ఆస్తి రాసిచ్చినంత ఉదారంగా.

అన్నాక కాదనడం ఎలా? కాదంటే అప్పుడన్నది అబద్ధమైపోతుంది. అందుకని నవ్వుతూ తింది. రోజూ తింటున్నానంటే ఇష్టమే అయ్యుండాలి అనుకుంది. ఇష్టం కాబట్టే తింటున్నానని నలుగురికీ చెప్పింది. "అక్కా, నువ్వు నమిలేది బొగ్గే!" అని చెల్లెలు నవ్వితే, మాడులోని మాధుర్యం మీద ఉపన్యాసమిచ్చి, ఆపైన దానితో కొన్నాళ్ళు మాట్లాడటం మానేసింది. మాట మీద నిలబడే మనిషని పేరొచ్చింది. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకేవి గాని, ఆ మాట ఏనాడూ "కాసేపు కూర్చో తల్లీ" అనలేదు. ఆఫీసులోనూ అంతే. ఎవరికీ అక్కర్లేని ఫిర్యాదుల కౌంటరు ఆవిడకి ఇష్టం. ఆవిడ ఇష్టాల్లో దేన్ని తట్టి చూసినా లోపల కష్టం గలగలమనేది.

ఆ రోజు మేనేజరమ్మ పిలిచి, కొత్త శాఖకి ఇన్‌ఛార్జిగా వెళతారా అని అడిగింది. గుండె గంతేసింది. నోరు మాత్రం పాత నోరే. "నాకు కౌంటరే ఇష్టం మేడమ్," అంది.

"ఇంకోసారి ఆలోచించండి. రేపు పొద్దున్నే వేరేవాళ్ళ పేరు పంపించేస్తాను."

సాయంత్రం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది.

"మంచి పని చేశావు," అన్నాడు భర్త. "పెత్తనాలు నీకు నచ్చవుగా. పెళ్ళైన కొత్తలో నువ్వే అన్నావు."

అన్నది నిజమే. ఎప్పుడో ఒక పిల్ల బెదిరిపోయి అన్న మాటలకి, జుట్టు నెరిసిన తను ఇంకా కాపలా కాస్తోంది. ఇన్నేళ్ళూ అడుగు తిన్నాను గాని, ఒక్క అడుగు వేశానా? ఒక్కటంటే ఒక్కటి అడిగానా? నోట్లో మాడు ముక్క చేదుగా తగిలింది. అదెప్పుడూ చేదే. ఒప్పుకోలేదంతే.

లేచి చెయ్యి కడుక్కుని, అందరి ముందే ఫోను తీసింది.

"మేడమ్, మధ్యాహ్నం వద్దన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పోస్టు నాకు కావాలి."

అత్తగారు ముద్ద మింగడం మర్చిపోయారు. "ఇదేం విడ్డూరమే! నువ్వు మాట తప్పే మనిషివి కాదు గదా!"

"తప్పుడు మాట తప్పితే తప్పేముంది అత్తయ్యా?"

భర్త ముఖం ఎర్రబడింది. "మధ్యాహ్నం ఒక మాట, సాయంత్రం ఒక మాట! రేపు ఇదీ మార్చవని నమ్మకమేమిటి?"

"ఏమీ లేదండీ," అంది ఆవిడ, హాయిగా.