ఏరేది లేదు

ఫిజిక్స్ ల్యాబ్ బల్లలు వరండాలో పడి ఉన్నాయి. లోపల టమోటా క్రేట్లు దించుతున్నారు. సోమల దారిలో ఉన్న మా ప్రభుత్వ జూనియర్ కాలేజీకి పొద్దున్నే వెళ్లిన మాకు కనిపించింది ఇదీ. ఏళ్ల తరబడి సున్నం కొట్టడానికి కూడా రాని మనుషులు ఇంత తొందరగా వచ్చారంటేనే నాకు అనుమానం వచ్చింది.

"సిలబస్ మారింది. మధ్యాహ్నం మీటింగు. అమ్మానాన్నల్ని పిలుచుకురండి" అన్నాడు ప్రిన్సిపాల్ భీమరావు, మా మొహాలు చూడకుండా.

నా క్లాస్‌మేట్ హరిత, బల్లల మధ్య దొరికిన కటకాన్ని ఓణీతో తుడిచి బ్యాగులో వేసుకుంది. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ రాయాలని దాని పంతం. ఎంపీసీ లేకపోతే ఆ పరీక్ష ఊసే ఉండదు. వాళ్లమ్మ అక్కమ్మ, మా అమ్మ, ఊళ్లో సగంమంది ఆడవాళ్లు మదనపల్లె మండీలో టమోటాలు గ్రేడింగ్ చేసే, అంటే మంచివీ నాసివీ వేరుచేస్తూ కాయలేరే కూలీలు.

మీటింగులో ప్రిన్సిపాల్ పక్కన టమోటా గుజ్జు ఫ్యాక్టరీ యజమాని లక్ష్మీపతి కూర్చున్నాడు. మా చదువుకీ ఆయన గుజ్జుకీ ఏం చుట్టరికమో నాకు అర్థం కాలేదు.

"ఎంపీసీ తీసేసి నైపుణ్య గ్రూపు పెడుతున్నాం. ఇక మార్కుల గొడవ లేదు. అంతా గ్రేడింగే" అన్నాడు భీమరావు.

అక్కమ్మ లేచింది. "గ్రేడింగ్ నేర్సేదానికి కాలేజీ యాల సామీ? మా పాప నడక రాంగానే నా పక్కన కూసోని కాయలేరింది."

అందరూ నవ్వారు. మేమూ నవ్వాం.

"ఆ గ్రేడింగ్ కాదమ్మా. మార్కులకు బదులు ఏ, బీ, సీ అని ఇస్తాం" అని సర్దబోయాడు భీమరావు.

లక్ష్మీపతి మైకు లాక్కున్నాడు. "ఆయమ్మ అనిందాంట్లో తప్పేముండాది సార్? అదీ ఉంటాది. సీజన్లో పిల్లోళ్ల ప్రాక్టికల్స్ నా షెడ్డులోనే కదా!"

నవ్వు ఆగిపోయింది.

"మదనపల్లెలో ఫీజులు కట్టే కాలేజీల్లో దించినారా సార్ ఈ క్రేట్లు?" హరిత లేచి అడిగింది. "కుప్పంలో నా స్నేహితురాలి కాలేజీలో కుట్టుమిషన్లు దించినారు. ఆడ బట్టల కంపెనీ, ఈడ ఈయప్ప. మాకే ఎందుకు ఫిజిక్స్ వద్దు?"

"అంతా మీ మంచికే పాపా" అన్నాడు లక్ష్మీపతి.

"మా మంచి నువ్వు సూస్తాండావంటేనే బయమేస్తాండాదప్పా" అంది అక్కమ్మ. ఆడవాళ్లకేసి తిరిగింది. "లెయ్యండే!"

మండీలో లారీకి లోడెత్తేటప్పుడు నిలబడినట్టే వరుసగా నిలబడ్డారు, ల్యాబ్ నుంచి గేటుదాకా. క్రేట్లు చేతులు మారుతూ రోడ్డుమీదికి పోయాయి. బల్లలు మేం లోపలికి మోశాం. మా అమ్మను చూస్తే నాకు ఏడుపొచ్చింది, గర్వంతో.

లక్ష్మీపతి ఫోను చేశాడు. పోలీసు జీపు వచ్చింది.

"లీడర్లెవరు? వాళ్లు పక్కకి రండి. మిగతావాళ్లు ఇళ్లకి పొండి" అన్నాడు ఎస్సై.

హరిత ముందుకు అడుగేసింది. అక్కమ్మ దాని జడ పట్టుకుని వరుసలోకి లాగింది.

"ఈడ ఏరేది లేదు సామీ. ఎత్తుకపోతే అందర్నీ ఎత్తుకపో."

ఎస్సై జీపు చూశాడు. మేమూ చేరాక గేటు దాటిన వరుస చూశాడు. వ్యాను పంపమని ఫోను చేశాడు. అంతలో హరిత ల్యాబులోకి పరుగెత్తి, కటకాన్ని బల్ల మీద పెట్టి వచ్చి మళ్లీ వరుసలో నిలబడింది. దాని ఫోను మోగింది.

"కుప్పంలో మిషన్లు బయటికి మోస్తాండారంట!" అని అరిచింది.

వరుస ఈ చివర నుంచి ఆ చివరిదాకా కేక పెట్టింది. వ్యాను ఇంకా రాలేదు.